నిలబడితే కనిపించిన సందు

ఒక బస్తా కొంటే రెండోది సగం ధరకే అని అమెరికాలో మేముండే పార్సిప్పనీలో ఇండియన్ స్టోర్ వాళ్లు బోర్డు పెడితే, ఇంట్లో తినేది ఇద్దరమే అయినా నాలుగు బస్తాల సోనా మసూరి కొన్న ఘనత నాది. కార్ట్ కోసం మళ్లీ లోపలికి వెళ్లడమెందుకని రెండు బస్తాలు భుజాన వేసుకుని పార్కింగ్‌లోకి నడిచాను. ఫుట్‌పాత్ అంచు దిగేటప్పుడు ఎడమ కాలి వేళ్లు అక్కడే ఇరుక్కున్నాయి, మడమ పైకి లేచింది, బస్తాలతో సహా ముందుకు పడ్డాను. బస్తాలు మాత్రం చిరగలేదు. ఇప్పటికీ చలికాలం పొద్దున వంటింటి టైల్స్ మీద ఆ కాలు మోపగానే పాదం నడుమ సన్నగా సలుపుతుంది. దాని వెనకే డాక్టర్ విమల గారి గొంతు వినిపిస్తుంది.

ఆ రోజు నేను చేసిన రెండో తెలివైన పని, అన్నిటికన్నా చవకైన అర్జెంట్ కేర్ క్లినిక్ వెతికి పట్టుకోవడం. పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగున్నాయి, బెణుకే అన్నారు. ప్రొద్దుటూరులో నాన్న బట్టల కొట్లో పెరిగినవాణ్ణి. తక్కువలో తేలిపోయే మాట వినబడగానే ఖాయం చేసుకున్నాను. కట్టు కట్టుకుని ఆఫీస్‌కి కూడా వెళ్లొచ్చాను.

ఆ శనివారం స్నేహితుడింట్లో సత్యనారాయణ వ్రతం. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, బిగుసుకుంటున్న కట్టు విప్పేసి, కాలు చాపుకుని కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న అరవై దాటిన ఒకావిడ కథ వింటూ వింటూ నా అరికాలి మీద చూపు నిలిపేసింది. హారతి అయ్యేదాకా ఆగి, ప్రసాదం గిన్నెతోనే వచ్చి పక్కన చతికిలబడింది. ఆవిడే డాక్టర్ విమల, పాదాల సర్జన్ అని స్నేహితుడు చెప్పాడు.

“అరికాలి మధ్యలో ఆ నీలం ఎన్నాళ్లనుంచి బాబూ?”

“బెణికింది ఆంటీ. ఎక్స్‌రే క్లీన్‌గానే ఉంది.”

“పడుకుని తీశారా, నిలబడి తీశారా?”

అలా రెండు రకాలుంటాయని నాకు తెలియదు. ఆవిడ బొటనవేలితో పాదం పైభాగాన నడిమి ఎముకల దగ్గర మెల్లగా నొక్కింది. నేను స్వామివారి ముందే అరిచాను. మామూలు బెణుకైతే నొప్పీ వాపూ చీలమండ దగ్గర ఉంటాయనీ, అరికాలి నడుమ ఇలా నీలం తేలితే ఎముకలని పట్టి ఉంచే లోపలి కట్టు, అంటే లిగమెంట్, తెగిందేమో చూడాలనీ చెప్పింది. రెండు వారాలు చూసి వస్తానని బేరం పెట్టాను.

“రెండు వారాలు దీని మీద నడువు. తర్వాత నా దగ్గరికెందుకు, చేతికర్రల కొట్టుకి వెళ్దువుగాని.”

సోమవారం ఆవిడ క్లినిక్‌లో రెండు పాదాలూ పక్కపక్కన పెట్టించి, ఓర్చుకోగలిగినంత బరువు వేయమని ఎక్స్‌రే తీశారు. కుడి పాదంలో ఎముకలు బిగుతుగా ఒదిగి ఉన్నాయి. ఎడమ పాదంలో బొటనవేలి ఎముకకీ పక్కదానికీ మధ్య, మొదలు దగ్గర, ఒక బియ్యపు గింజ పట్టేంత సందు. పాత ఫిల్మ్‌లో అదే పాదం, అక్కడ సందే లేదు. మడతలో ఉన్నంతసేపు ప్రతి బట్టా మంచిదేనని, వెలుతురులో రెండు బొటనవేళ్ల మధ్య లాగి చూస్తేనే పోగులు విడిపోయేది కనిపిస్తుందని నాన్న అనేవాడు. అది చెబితే ఆవిడ తలాడించింది.

“ఆ మొదటి ఎక్స్‌రే అబద్ధం చెప్పలేదు బాబూ. పడుకున్న పాదాన్ని అడిగారు, అది పడుకున్నప్పటి సంగతి చెప్పింది.”

ఆపరేషన్ చేసి లోపల స్క్రూలు వేసింది. వారాల తరబడి ఆ కాలు నేలకి తగలనివ్వలేదు. చివరి విజిట్‌లో, ముందు నడిచేసిన రోజుల వల్ల ఎంత పాడైందని అడిగాను. తెలియదు, తెలిసినట్టు చెప్పను, అంది. ఇంత చూడగల మనిషి నోట ఆ మాట విని మొదటిరోజుకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. అప్పట్నుంచీ బరువు పడనిదే ఏదీ పాస్ చేయలేదు, ఎవరు తొందరపెట్టినా.

ఇక ఆ బేరం లెక్క. బియ్యం మీద మిగిలిన డబ్బులు ఎప్పుడో తినేశాం. పరుగు పోయింది, మళ్లీ రాదు. నడక మిగిలింది. అది నా బేరంలో దొరికింది కాదు. వ్రత కథ వింటూ ఒకావిడ నా అరికాలు చూసింది కాబట్టి మిగిలింది.