ఆరో సెల్లు రీడింగు

ముందు పోయినవాటి లెక్క చెప్పేస్తాను. ఇంటర్వ్యూల కోసం కుట్టించుకున్న గోధుమరంగు ప్యాంటు ఒకటి. టిఫిన్ డబ్బాకి అక్క చుట్టిచ్చిన తువ్వాలు ఒకటి. బ్యాటరీ మూత ఒకటి (ఈ రోజు వరకూ దొరకలేదు). ఆసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం ఒకటి. వీటన్నిటికంటే పెద్దది, ‘ఆరుగురు పనివాళ్లు పది రోజుల్లో గోడ కడితే’ అనే బళ్లో లెక్క మీద నాకున్న గుడ్డి నమ్మకం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో, లోకంలో ఏ చిక్కయినా కాగితం మీద ఒక భాగహారం వేస్తే విడిపోతుందనే అనుకునేవాణ్ణి.

చదువు మధ్యలో ఆపేసి మధురానగర్‌లో అక్క వాళ్లింట్లో దిగాను. మా బావ తెలిసినవాళ్లని పట్టుకుని పంజాగుట్ట వెనక సందులో ఒక కార్ల బ్యాటరీ షాపులో పదిహేను రోజుల ట్రయల్ మీద పెట్టించాడు. (“పదహారో రోజు ఊరికి బస్సు టిక్కెట్టు కూడా నేనే కొంటాలే బామ్మర్దీ” అని రోజూ పొద్దున్నే కాఫీతో పాటు ఒక మాట.) షాపు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన షరతు ఒక్కటే: “చివరి దినం నీకొక్క బ్యాటరీ ఇస్త. చార్జింగు నువ్వే పెట్టు, ఆరు సెల్లుల రీడింగులు నువ్వే రాసి చూపియ్యి. ఆరు మంచిగుంటే పర్మనెంట్. లేకుంటే నీ తొవ్వ నీది.” బ్యాటరీకి ఆరు గదులు, ఆరు మూతలు. ఒక్కో మూత తీసి గాజు గొట్టంతో కాస్త ఆసిడ్ పీలిస్తే, లోపల తేలే బుడ్డి మీద అంకె కనిపిస్తుంది. పన్నెండు వందల అరవై దగ్గరుంటే ఆ గది కడుపు నిండినట్టు. అంకెలతో పని! నాకోసమే పుట్టిన ఉద్యోగం అనిపించింది.

ఉస్తాద్ చెప్పినవన్నీ మొదటి వారంలోనే నోటుబుక్కులో ఎక్కించాను. బ్యాటరీ ఎన్ని ఆంపియర్-అవర్లదో అందులో పదో వంతు ఆంపియర్లతోనే చార్జింగు. పెట్టేటప్పుడు ముందు క్లిప్పులు, తర్వాత స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్ బంద్, తర్వాతే క్లిప్పులు. కళ్లకి అద్దాలు తప్పనిసరి. (అవి పెట్టుకుంటే పాతకాలపు విమానం నడిపేవాడిలా ఉండేవాణ్ణి.) అడక్కపోయినా స్టాకు కూడా లెక్క రాశాను. వెనక అరలో సుద్దముక్కతో గుర్తు పెట్టి ఉన్న మూడింటిని చూసి, ‘చచ్చిన బ్యాటరీలు: 3’ అని రాసి కింద గీత కూడా కొట్టాను.

పదిహేనో రోజు పదకొండింటికి ఒక టాక్సీ డ్రైవరన్న కారుని తోయించుకుంటూ వచ్చాడు. “తమ్మీ, నాకు మన్మరాలు పుట్టింది! అయిదింటికి బిడ్డను దవాఖానకెల్లి ఇంటికి తోల్కపోవాలె. బండి స్టార్టయితలేదు. జర జల్దీ చెయ్యి!” ఉస్తాద్ స్కూటర్ ఎక్కుతూ, “అరవై ఆంపియర్లది. ఆరు మీద పెట్టు. నేను ఎర్రమంజిల్ల పని చూస్కొని వస్త. అయిదింటి ఫికర్ నువ్వు చెయ్యకు, నేను చూస్కుంట” అన్నాడు. ఎలా చూసుకుంటాడో నేనడగలేదు. అప్పటికే లెక్కలో పడిపోయాను మరి. ఆరు మీద పెడితే పది గంటలు, అంటే రాత్రి తొమ్మిది! మనవరాలు దవాఖానా మెట్ల మీద, నేను బస్సులో. అదే ఇరవై నాలుగు మీద పెడితే? పనివాళ్లు నాలుగు రెట్లు, రోజులు నాలుగో వంతు. రెండున్నర గంటలు! ఒంటిగంటన్నరకల్లా కడుపు నిండిన బ్యాటరీ! ఇంత చిన్న భాగహారం ఉస్తాద్‌కి తట్టనందుకు జాలిపడుతూ చార్జరు మర తిప్పాను.

గంట దాటేసరికి మూతల కింద బుడగలు మొదలయ్యాయి. నాకు సంబరం. ఇంకాసేపటికి చింతపండు పులుసు మరిగినట్టు తుకతుక. పెట్టె మీద చెయ్యి పెట్టబోతే సెగ. ముక్కు మండే వాసన. ఒక మూత పక్కనుంచి తుంపర లేచింది. తువ్వాలుతో తుడిచాను. ఇంకో తుంపర! నోటుబుక్కులో ఆ పేజీ కళ్లముందు ఆడుతూనే ఉంది, చెయ్యి మాత్రం నేరుగా క్లిప్పు మీదకి పోయింది. స్విచ్ వేసే ఉంది. క్లిప్పు లాగాను. చిటుక్కున మెరుపు, బుడగల గ్యాసు అంటుకుని ఢామ్! ఆరో గది మూత నా చెవి పక్కనుంచి వీధిలోకి ఎగిరిపోయింది.

అదే నిమిషంలో స్కూటర్ ఆగింది. ఉస్తాద్ లోపలికి ఉరికి, ముందు మెయిన్ ఆపి, నన్ను మెడ పట్టుకుని కుళాయి కిందకి తోశాడు. చాలాసేపు కడిగాక అద్దాలు తీసి చూస్తే ఎడమ అద్దం మీద తొమ్మిది చుక్కలు. నా కంట్లో పడాల్సినవి. ఉస్తాద్ చెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

“ఎన్ని వేళ్లుర?”

“నాలుగండీ. బొటనవేలు మడిచారు కదా, అది కూడా కలిపితే ఐదు.”

“సల్లగుండ. లెక్కల పిచ్చి పోలేదంటే బతికిండు!” అని, ఆసిడ్ విరగడానికి నేల మీద వంటసోడా చల్లి, కూలబడ్డాడు. “ఇరవై నాలుగు మీద ఎందుకు పెట్టినవ్?” చెప్పాను. గోడ లెక్కతో సహా. ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. తర్వాత వెనక అర చూపించాడు. “గా మూడు ఏందివి?”

“చచ్చిపోయినవండీ. స్టాకులో రాశాను.”

“నీకో దండం! అవి సర్వీస్ బ్యాటరీలు. గిరాకిది చార్జింగుల ఉన్నంతసేపు బండ్ల పెట్టి పంపేటియి. గా మనిషిని అయిదింటికి దానితోనే పంపుదుమనుకున్న. నిన్నెవడు ఉరకమన్నడు?”

డ్రైవరన్న చెప్పిన వేళకే సర్వీస్ బ్యాటరీతో హాయిగా వెళ్లిపోయాడు. నేను నడిచి ఇంటికెళ్లాను. అక్క ప్యాంటు ఉతికి ఆరేసి, “ఒరేయ్, ఇది ప్యాంటా, జల్లెడా?” అని కేకేసింది. ఉతికాకే బయటపడ్డాయి చిల్లులు. నలభై ఒకటి. (బావ టిక్కెట్టు మాట ఎత్తలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.)

పదహారో రోజు సెలవు చెప్పుకుందామని వెళ్తే, “కూసో. నువ్వు పాడు చేసినవ్, నువ్వే బాగు చెయ్యి” అన్నాడు ఉస్తాద్. పగుళ్లేమైనా ఉన్నాయా అని పెట్టెను ఆయనే వెతికాడు. డిస్టిల్డ్ వాటర్ పోసి, మూత ఒకటి కొత్తది వెతికిపెట్టి, ఆరు మీద పెట్టాం. పది గంటలూ మర వైపు చూడకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాను. మర్నాడు గాలి బాగా ఆడనిచ్చి మూతలు తీశాను. మొదటిది 1260! రెండోది 1255. మూడోది 1260. నాలుగు, 1250. అయిదు, 1255! ఆరో గదిలో గొట్టం ముంచి, పీల్చి, పైకెత్తి, బుడ్డి తేలుతుంటే కన్ను దగ్గరికి పెడుతున్నాను...

“తమ్మీ! మన్మరాలు మస్తుగున్నది!” వీపు మీద ఒక్క చరుపు. డ్రైవరన్న, చేతిలో జిలేబీ పొట్లం. గొట్టం నేల మీద నాలుగు ముక్కలు.

షాపులో ఉన్నది అదొక్కటే. ఉస్తాద్ నవ్వాపుకుంటూ మూతలు బిగించి, బ్యాటరీ బలం చూసే లోడ్ టెస్టర్ పెట్టి పది లెక్కపెట్టాడు. ముల్లు జారలేదు. “బ్యాటరీ పాస్” అని కారులో బిగిస్తే తాళం తిప్పగానే అందుకుంది.

“మరి నేను ఉస్తాద్? పర్మనెంటా?”

“ఆరో రీడింగు చెప్పు, చేస్త.”

పదకొండేళ్లు ఆయన దగ్గర ట్రయల్ మీదే పనిచేశాను. జీతం పెరిగింది, పెళ్లయింది, ట్రయల్ మాత్రం నడుస్తూనే ఉంది. ఆరోది కొలుద్దామంటే డ్రైవరన్న బ్యాటరీ మళ్లీ మా గడప తొక్కలేదు. బాగున్న బ్యాటరీ ఎందుకొస్తుంది? ఇప్పుడు అమీర్‌పేటలో మెట్రో కింద నాకే ఒక షాపుంది. చాలా బ్యాటరీలకి మూతలే లేవు, కొలవడానికి గొట్టమూ అక్కర్లేదు. ఉస్తాద్ అప్పుడప్పుడూ చాయ్‌కి వస్తాడు. కూర్చోకముందే, “ఏం లెక్కల్సాబ్, ఆరోది ఎంత?” అంటాడు.

ఆ నోటుబుక్కు ఇంకా నా సొరుగులోనే ఉంది. అయిదు అంకెలు, ఆరోదాని ఎదురుగా ఖాళీ. పన్నెండు వందల యాభై అని రాసేస్తే ఎవరు కాదంటారు? రెండు మూడుసార్లు పెన్సిలు చెక్కుకున్నాను కూడా. రాయలేదు. చూడని అంకె ఎలా రాస్తాను? పైగా, రాస్తే ట్రయల్ అయిపోతుంది. కాబట్టి ఈ రోజుకి ఉస్తాద్‌కి నేను ఉన్న బాకీ: రీడింగు, ఒకటి.