పాతరలో ఐదు జాడీల ఎర్ర వైన్

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లి కనబడితే పులి అంటాను, నాలుగు చినుకులు పడితే మంజీర పొంగిందంటాను. మా ఇంట్లోవాళ్లు నా మాటల్ని నాలుగుతో భాగించి వింటారు. మీరూ అలాగే చదవండి. బాధ దగ్గర మాత్రం భాగించొద్దు, దాన్ని తగ్గించే రాశాను.

జహీరాబాదు నుంచి కోహీర్ వెళ్లే దారిలో మా పెదనాయనకు మూడెకరాల ఎర్ర చెలక ఉండేది. అందరిలా అల్లం వేయలేదు, చెరుకు వేయలేదు, నల్ల ద్రాక్ష వేశాడు. యాభైల చివర్లో మా వైపు ద్రాక్ష అంటే జ్వరం పడ్డవాడికి పట్నం నుంచి తెచ్చే పండు. ఆయన రాతి కడీలు పాతించి, తీగలు లాగి, పందిరి వేయించాడు. ఆ నీడన ఒక పటాలం పడుకోవచ్చు. గుత్తి ఒక్కోటి ఏడాది పిల్లాడంత ఉండేది. చిలకలు లేస్తే చిరాగ్‌పల్లి దాకా ఆకాశం పచ్చబడేది.

దీనికంతటికీ మూలం హైదరాబాదులో ఒక నవాబుగారి దేవిడీ, కోటలాంటి భవంతి. పెదనాయన అక్కడ ఇరవయ్యేళ్లు బల్ల దగ్గర వడ్డించాడు. నవాబుగారికి ఫ్రాన్సు నుంచి ఎర్ర వైన్ సీసాలు వచ్చేవి. సీసా మీద తోట పేరు, తోట నడుమ బంగళా బొమ్మ, ద్రాక్ష కోసిన సంవత్సరం. విందు ముగిశాక గ్లాసుల అడుగున మిగిలిన గుక్కెడు పెదనాయనది. ఆ అడుగుబొట్లతోనే ఆయన నాలుకకు పాండిత్యం వచ్చింది. ఇది రాతినేల తోట, ఇది ఏటి ఒడ్డు తోట, ఆ ఏడు అక్కడ వానలెక్కువ అని వాసన చూసి చెప్పేవాడు. నిజమో కాదో తేల్చగలవాడు జహీరాబాదులో లేడు గనుక ఆయన ఒక్కసారీ తప్పలేదు.

జాగీర్లు పోయి దేవిడీ మూతపడ్డాక ఊరికొచ్చి ద్రాక్ష నాటాడు. ఆయన కోరిక ఒక్కటే.

"ఇరవై ఏండ్లు ఆఖరి గుక్కనే తాగిన బిడ్డా. నా తోటల, నా చేతులతోని చేసిన వైన్ల మొదటి గుక్క తాగాలె. గంతే."

"గా ఒక్క గుక్కకు మూడెకరాలు ముంచు," అనేది పెద్దమ్మ. "అల్లం ఏసినోళ్లు ఇండ్లు కట్టుకున్నరు. నువ్వు చిలకలను సాదు."

వాళ్లకు పిల్లల్లేరు. నేను వాళ్లింట్లోనే ఉంటూ హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి.

నాలుగైదు కాపులు చిలకల పాలయ్యాక, ఒక ఏడు ఐదు పింగాణీ జాడీలకు సరిపడా రసం దిగింది. పెదనాయనకు వైన్ వడ్డించడం వచ్చు, చేయడం రాదు. చల్లని చీకటి నేలమాళిగలో ఏళ్లకేళ్లు ఉండాలని మాత్రం తెలుసు. మాకు నేలమాళిగ లేదు. ఇంటి ముందర పాతర ఉంది. జొన్నలు దాచే గొయ్యి అది, మనిషి దిగేటంత మూతి, గది అంత కడుపు. గాలి దూరకుండా మన్ను మెత్తితే మూడేళ్లయినా గింజకు పురుగు పట్టదు. జొన్నలకు పనికొచ్చిన ఉపాయం ద్రాక్షరసానికి ఎందుకు పనికిరాదని అనుకున్నాం.

జాడీలకు మూతలు బిగిస్తుంటే పక్క చెలకలో ఈతచెట్లు గీసే ఆయన వచ్చి నిలబడ్డాడు. ఆయనా పెదనాయనా బావా బావా అనుకునేవాళ్లు.

"బావా, ఇది ఇంక పొంగనే లేదు. కల్లు కుండకు ఎన్నడన్న గిట్ల మూత బిగిస్తమా? జర ఊపిరి తీస్కోనియ్యి."

"నీది కల్లు. పొద్దుగాల గీస్తే మాపటికి పులుస్తది. ఇది వైన్ బావా, దీనికి ఓపిక ఉంటది."

"ఓపిక నీకుంటది గని రసానికెక్కడిది?"

పెదనాయన నావైపు తిరిగాడు. "సైన్సు సారు ఏమంటడు?"

చక్కెర పులిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుందని, అది బయటికి పోవాలని, నేను ఏటా నల్లబల్ల మీద పైకి బాణం గీసి మరీ చెప్పేవాణ్ణి. ఆ బాణం ఆ రోజు నాకు కనబడలేదు. "కల్లు వేరు, వైన్ వేరు," అన్నాను. సున్నం, బెల్లం, పేడ కలిపి ఐదు మూతలనూ నా చేత్తోనే మెత్తాను. జాడీల చుట్టూ జొన్నపొట్టు కూరి, పాతర మూతి మూసి మన్ను కప్పాం.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే కాళ్ల కింద ధబ్బుమంది. కాసేపటికి ఇంకొకటి.

"యాడనో బాయిల రాళ్లు పేలుస్తున్నరు," అన్నాడు పెదనాయన.

"గింత దగ్గర్ల బాయి ఎవరు తవ్వుతున్నరు?" అంది పెద్దమ్మ.

మేమిద్దరం మజ్జిగ పోసుకున్నాం.

మూడేళ్లు గడిచాయి. పెదనాయన రోజూ సాయంత్రం పాతర పక్కనే మంచం వేసుకుని, వచ్చినవాళ్లకు ఫ్రాన్సు తోటల సంగతులు చెప్పేవాడు. తర్వాత ఆయనకు రొట్టె మింగుడు పడలేదు. కొన్నాళ్లకు అన్నమూ పడలేదు. హైదరాబాదు దవాఖానలో గొంతు కింద గడ్డ అన్నారు, కోసేది కాదన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నాడు:

"ఐదేండ్లు ఉంచుదామనుకున్న. ఇగ తీద్దాం. నీళ్లు దిగుతున్నప్పుడే తాగాలె."

లోపలి చెడుగాలి పోవాలని పాతరను ముందురోజే తెరిచి పెట్టాం. మర్నాడు పొద్దున దీపం దించి చూశాం. ఆరలేదు. నేను దిగాను. నాలుగు జాడీలు పగిలి ఉన్నాయి. ఐదోది నిలిచి ఉంది. పైకి తెచ్చి గ్లాసులో పోశాను. పెదనాయన వాసన చూశాడు, ఒక్క గుక్క నోట్లో పట్టి మెల్లగా మింగాడు. దిగింది. కళ్లు మూసుకుని, "ఆ ఏడు మన దిక్కు వానలు సక్కగ పడ్డయి," అన్నాడు.

పందిరి కింది పటాలాన్నీ పచ్చటి ఆకాశాన్నీ నేను సాగదీశాను, అంతే. ఉత్తినే కల్పించింది ఒక్కటి, ఆ ఐదో జాడీ.

ఏ జాడీ నిలవలేదు. చేతులతో పొట్టు అంతా తోడాను. నల్లబడి గడ్డకట్టిన పొట్టు, పుల్లటి వాసన, పెంకులు. మూడేళ్లు మేం కాపలా కాసింది వీటికి. కల్లుగీసే ఆయన కూడా పైన గట్టు మీదే ఉన్నాడు. "నేనప్పుడే చెప్పిన గద" అని ఆయన అంటే బాగుండేది.

"ఒక్కటన్న ఉన్నదా బిడ్డా?" అని పైనుంచి పెదనాయన అడిగాడు.

చూస్తున్నానన్నాను. చూసిన మూలలే మళ్లీ చూశాను. పెంకుల్ని అటువి ఇటు, ఇటువి అటు పెట్టాను. చాలాసేపటికి పెదనాయన వంగి, మామూలు గొంతుతో అన్నాడు:

"ఇగ పైకి రా. లోపల గాలి మంచిగుండది."