హిందీ రానివాళ్ళ వర్గం

అది 2012. మా ఆఫీసు అప్పటికి నయా రాయపూర్‌కి తరలిపోలేదు. ఊళ్ళోనే, ఎప్పుడూ ఆటోల రొద వినిపించే రోడ్డు మీద, పాత మూడంతస్తుల భవనంలో ఉండేది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. పేరు చెప్పను, అక్కడ ఇంకా నాకు తెలిసినవాళ్ళున్నారు. నేను అక్కడ హిందీ ట్రాన్స్‌లేటర్‌ని. పైనుంచి ఇంగ్లీషులో వచ్చిన ఉత్తర్వుల్ని హిందీలోకి మార్చి కిందికి పంపడం నా పని.

తెలుగు పిల్లకి హిందీ ఉద్యోగమేమిటని బొబ్బిలిలో మా మేనత్తలు ఇప్పటికీ నవ్వుతారు. నాన్నగారు రైల్వేలో ఫిట్టరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టిందీ, చదివిందీ, పెళ్ళి చేసుకుని కాపురం పెట్టిందీ అంతా రాయపూర్‌లోనే. బళ్ళో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో అమ్మతో తెలుగు. ఆ తెలుగులోనూ సగం హిందీయే. నా పిల్లల దగ్గరికొచ్చేసరికి ఆ మిగతా సగం కూడా పోయింది.

కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ప్రతి సెప్టెంబరులో హిందీ పఖ్వాడా జరుగుతుంది. అంటే పక్షం రోజుల హిందీ పండగ. వ్యాసరచన ఉంటుంది, ఫైలు మీద హిందీలో నోట్ రాసే పోటీ ఉంటుంది, చివర్లో అందరూ ఎదురుచూసే భాషణ పోటీ ఉంటుంది. చూసేవాళ్ళకి కనబడేది మైకు, పూలదండ, బహుమతులు. దాని వెనక చాకిరీ అంతా నాది. సర్క్యులర్ తయారుచేయాలి, పేర్లు తీసుకోవాలి, ఎలిజిబిలిటీ చూడాలి. ఎలిజిబిలిటీ అంటే ఎవరు పోటీకి అర్హులో, ఏ వర్గంలో అర్హులో తేల్చడం. మా హిందీ విభాగం వాళ్ళు పోటీ చేయకూడదు. కాగితం చూసి చదవకూడదు. గంట కొట్టాక ఆపకపోతే మార్కులు పోతాయి. ఇవన్నీ చిన్న నియమాలు. పెద్ద నియమం ఒకటుంది. పోటీ రెండు వర్గాలుగా జరుగుతుంది. మాతృభాష హిందీ అయినవాళ్ళు ఒకటి, కానివాళ్ళు రెండు. రెండోదాన్ని సర్క్యులర్‌లో హిందీతర భాషీ వర్గం అని రాస్తాం. ఆఫీసులో మాత్రం అందరూ హిందీ రానివాళ్ళ గ్రూపు అనేవారు.

ఆ గ్రూపులో ఏటేటా బహుమతులు మా తెలుగువాళ్ళవే. అకౌంట్స్‌లో సీనియర్ అయిన అప్పారావు గారికి మొదటి బహుమతి రాసిపెట్టినట్టే. ఆయన మా నాన్నగారి స్నేహితుడి తమ్ముడు, చిన్నప్పుడు రైల్వే క్వార్టర్లలో నన్ను సైకిలెక్కించి తిప్పిన మనిషి, నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను అమ్మడూ అనేవాడు. మిగతా రెండు బహుమతులు డెస్పాచ్‌లో రమణకీ, ఎస్టాబ్లిష్‌మెంట్‌లో సుహాసినికీ పోయేవి. ఫలితాలు చదివేది నేనే. మనవాళ్ళ పేర్లు వరసగా చదువుతుంటే నాకూ ఛాతీ కాస్త పొంగేది. అందులో దాచుకోవాల్సింది ఏమీ కనబడేది కాదు.

ఆ ఏడు సుక్మతి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఆమె ఎం.టి.ఎస్., అంటే ఒకప్పుడు ప్యూను అనేవాళ్ళం. బస్తర్ మనిషి. భర్త ఈ ఆఫీసులో పనిచేస్తూ పోతే ఆమెకి ఉద్యోగం ఇచ్చారు. ఇంటి భాష హల్బీ. హిందీ అర్థమవుతుంది, చదువుతుంది, కానీ మాట్లాడేటప్పుడు ఒక్కొక్క మాటనీ వెతుక్కుంటుంది. ఆమెతో నా మాటలన్నీ హిందీలోనే నడిచాయి, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"దీదీ, భాషణ పోటీలో నా పేరు రాస్తారా?"

పోటీ రోజు టీలు అందించే మనిషి పోటీ చేస్తాననేసరికి నేను పెన్ను పక్కన పెట్టాను. ఎందుకని అడిగాను. కింద ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చునే ఆయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ తనకివ్వమని ఆమె అడ్మిన్ ఆఫీసర్‌ని అడిగింది. మోకాళ్ళు అరిగిపోయి, ఫైళ్ళు మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కలేకపోతోంది. మా లిఫ్టు పనిచేసే రోజులకన్నా చేయని రోజులే ఎక్కువ. ఆ ఆఫీసర్ నవ్వి, "జనంతో మాట్లాడాల్సిన సీటు అది. హిందీ పోటీలో ఒక ప్రైజు తెచ్చి చూపించు, అప్పుడు చూద్దాం" అన్నాడట.

"ఆయన ఊరికే అని ఉంటాడు" అన్నాను.

"అననీ దీదీ. తెచ్చి చూపిస్తే కాదనలేడు కదా."

నాకు ఆ మాట నచ్చింది. పేరు రాశాను. ఏ వర్గమో కూడా నేనే చెప్పాను. "నీది హల్బీ కాబట్టి రెండో గ్రూపు. భయపడకు, అందులో అందరూ నీలాంటివాళ్ళే. హిందీ మాతృభాష కానివాళ్ళే." ఆమె ముఖంలో బెరుకు తగ్గడం చూశాను. ఆ మాట నేను నమ్మే అన్నాను, అదే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

మా హిందీ అధికారి దూబేజీ జాబితా చూసి సుక్మతి పేరు దగ్గర ఆగాడు. "ఈమెది బస్తర్. బస్తర్ ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. ఛత్తీస్‌గఢ్ 'క' క్షేత్రం. కాబట్టి ఈమె హిందీ వర్గంలోకి పోవాలి" అన్నాడు. ఇది మా వృత్తిలో తరచూ జరిగే పొరపాటు. హిందీ వాడకాన్ని బట్టి రాష్ట్రాల్ని క, ఖ, గ అని మూడు క్షేత్రాలుగా విభజించారు, 'క' అంటే హిందీ రాష్ట్రాలు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి ఏ భాషలో ఉత్తరం రాయాలో చెప్పడానికి ఆ విభజన. మనిషి తల్లి ఏ భాషలో జోలపాడిందో అది చెప్పదు. ఆ సంగతే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. నేను నియమాల పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. చివరికి విసుక్కుంటూ, "మీ తెలుగువాళ్ళు ఆంధ్రా మిరపకాయలు మేడమ్, వదలరు" అని సంతకం పెట్టాడు. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకి ఈ కథంతా చెప్పి, ఒక న్యాయం చేసినదానిలా ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాను.

అప్పట్నుంచి భోజనాల వేళ సుక్మతిని కూర్చోబెట్టుకుని తయారుచేశాను. ఇచ్చిన విషయం 'కార్యాలయం, సామాన్యుడు'. నేను పెద్ద పెద్ద మాటలు చెప్పబోతే ఆమె వద్దంది. తన దగ్గర ఒక సంగతి ఉందట. వాళ్ళ వైపు నుంచి ఒక ముసలాయన పెన్షన్ కోసం వచ్చి, తనకి తెలిసిన భాష ఎవరికీ తెలియక, గది గదికీ తిరిగి, చివరికి మెట్ల మీద కూర్చుండిపోయాడు. అటుగా ఫైళ్ళు మోసుకుపోతున్న ఈమె ఆయన్ని పలకరించి సరైన గదికి తీసుకెళ్ళింది. అదే చెబుతానంది. ఎంక్వైరీ కౌంటర్‌లో ఎవరు కూర్చోవాలో ఇంతకంటే ఎవరు చెప్పగలరు? నాకు ధైర్యం వచ్చింది. మూడో బహుమతికి ఢోకా లేదని మనసులో అనుకున్నాను.

పోటీ రోజు రెండో వర్గంలో మొదటి పేరు సుక్మతిది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మైకు ముందు మొదటి వాక్యం బాగానే చెప్పింది. ముసలాయన మెట్ల మీద కూర్చునే చోటికొచ్చాక మాట అందలేదు. నిలబడిపోయింది. హాల్లో ఎవరూ నవ్వలేదు, అంత మర్యాద మావాళ్ళకుంది. కొన్ని క్షణాలకి తేరుకుని మిగతాది చెప్పింది కానీ, గంట కొట్టేసరికి ముసలాయన ఇంకా పెన్షన్ గదికి చేరలేదు. నమస్కారం పెట్టి దిగి వచ్చి నా పక్కన, తలుపు దగ్గర నిలబడింది.

ఆ తరవాత రమణ, సుహాసిని మాట్లాడారు. చివర్న బాబాయ్ లేచాడు. ఎంత బాగా మాట్లాడాడో! నేను చదువుకున్న హిందీ అంతా ఆయన నాలుక మీద నడిచింది. మధ్యలో ఒక షాయిరీ, ఆ వెంటనే ఒక ఛత్తీస్‌గఢీ సామెత, ఒక నవ్వు, ఒక విరామం. సామాన్యుడి గురించి ఆయన చెబుతుంటే సామాన్యులెవరూ లేని ఆ హాలంతా చప్పట్లు కొట్టింది. గంటకి సరిగ్గా ముందు ముగించాడు.

న్యాయనిర్ణేతగా బయటి కాలేజీ నుంచి ఒక హిందీ ప్రొఫెసర్ వచ్చారు. ఫలితాలకి ముందు మైకు తీసుకుని ఆయన అన్నారు: "వీళ్ళది హిందీతర వర్గమని మీరు చెబుతున్నారు. వీళ్ళ హిందీ విన్నాక నేను ఏ వర్గమో నాకు అనుమానంగా ఉంది." హాలు గొల్లుమంది. బాబాయ్ చేతులు జోడించి అటూ ఇటూ వంగాడు. నేనూ నవ్వడానికి నోరు తెరిచాను.

పక్క నుంచి సుక్మతి మెల్లగా అడిగింది.

"వీళ్ళందరూ హిందీ రానివాళ్ళేనా దీదీ?"

వెటకారం లేదు. నిజంగానే అడిగింది. నేను చెప్పినమాట కాబట్టి నన్నే అడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రూలు చదివి చూపించవచ్చు, మాతృభాష అనే మాటకి అర్థం చెప్పవచ్చు. ఆ ఉదయమే నా కొడుకు ఫోన్ చేస్తే ఆమె ఎదురుగానే పది నిమిషాలు హిందీలో కోప్పడ్డాను. ఇక ఏ ముఖంతో చెప్పను? అప్పుడే దూబేజీ నన్ను ఫలితాలు చదవమని పిలిచాడు. మొదటి, రెండో, మూడో బహుమతులు, మూడూ మావాళ్ళవే. ప్రతి పేరూ చదువుతుంటే నా ఇంటి దొంగతనం నేనే చాటింపు వేస్తున్నట్టుంది. బహుమతుల పళ్ళెం పట్టుకుని వేదిక మీద నిలబడింది సుక్మతి. ఆ డ్యూటీ ఆమెదే, మార్చాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

కౌంటర్ కుర్చీలోకి ఆ నెలాఖరుకి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ పంపిన ఒక కాంట్రాక్టు అమ్మాయి వచ్చింది. సుక్మతికి పాల్గొన్నందుకు ఇచ్చే సర్టిఫికెట్ ఇచ్చాం. అడ్మిన్ ఆఫీసర్ దాన్ని చూసి, "ఇది అందరికీ ఇస్తారు కదా" అన్నాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక క్యాంటీన్‌లో బాబాయ్ మీద విరుచుకుపడ్డాను. నియమం మనకోసం పెట్టింది కాదని, హిందీ రాని మనిషి నోటి దగ్గరి కూడు లాక్కున్నామని అన్నాను. ఆయన సమోసా పక్కన పెట్టాడు.

"ఏటమ్మా, నేనేటి రూలు తప్పేనా? మా అమ్మ తెలుగుది కాదేటి?"

"తప్పలేదు బాబాయ్. అదే నా ఏడుపు."

"బొబ్బిలెళ్తే మన మాటినీసి నవ్వుతారు. ఇక్కడే బళ్ళో చదివినా ఇంకా మద్రాసీ అంతారు. నువ్వు తెలుగోడివిరా అని గద్దె మీదికి పిలిచి శాలువా కప్పేది ఏడాదికి ఆ ఒక్కరోజు. అదీ ఒగ్గీమంతావా?"

ఆయన పండక్కి బొబ్బిలి వెళ్ళొచ్చినప్పుడల్లా పినతండ్రి కొడుకులు తన యాసని వెక్కిరించారని చెప్పుకుని నవ్వేవాడు. ఆ నవ్వు నవ్వు కాదని ఆ రోజే అర్థమైంది. ఆయన మీద కోపం అక్కడితో పోయింది. సిగ్గు మాత్రం పోలేదు. ఎవరో ఒకరి తప్పని తేల్చగలిగితే నాకు కాస్త తేలికగా ఉండేది.

మరుసటి ఏడు సర్క్యులర్ రాసేటప్పుడు నియమం కింద ఒక వాక్యం చేర్చాను. మాతృభాష ఏదైనా సరే, బడి చదువు హిందీలో సాగినవాళ్ళు మొదటి వర్గంలోనే పోటీ చేయాలి. దూబేజీ రెండుసార్లు చదివి, నన్ను ఒకసారి చూసి, "మీవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు. ఊరుకోలేదు. రమణ, సుహాసిని నా టేబుల్ వైపు రావడం మానేశారు. బాబాయ్ మాత్రం మొదటి వర్గంలో పేరిచ్చాడు. ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు కానీ అమ్మడూ అని పిలవడం మాత్రం మళ్ళీ జరగలేదు.

పోటీకి చాలా ముందు, ఆ సర్క్యులర్ మీద సంతకం ఆరకముందే సుక్మతి కోసం వెళ్ళాను. రెండో అంతస్తు మెట్ల మలుపులో కనిపించింది. ఫైళ్ళ కట్ట గోడకి ఆనించి ఊపిరి తీసుకుంటోంది.

"సుక్మతీ, ఈసారి నీ పేరు రాస్తున్నాను. నియమం మార్పించాను. ఆ గ్రూపులో ఇప్పుడు నిజంగానే నీలాంటివాళ్ళుంటారు."

ఆమె కాగితం తీసుకుని చదివింది. చదివి, జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది.

"మంచి పని చేశారు దీదీ. నేను మాట్లాడి ఏం చేస్తాను? ఆ కుర్చీలో అమ్మాయి కూర్చుంది కదా."

కోపం ఉంటే బాగుండేది. లేదు. ఫైళ్ళు భుజానికెత్తుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్ళిపోయింది.

ఆ తరవాత చాలా ఏళ్ళు పోటీలు నడిపాను, ఎన్నో పేర్లు చూశాను. ఒక మనిషి లోపలికి రావచ్చా లేదా అని చూస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. లోపల ఆ మనిషిని ఎవరి పక్కన నిలబెడుతున్నానో కూడా నేనే చూడాలని సుక్మతి వల్ల తెలిసింది. నాకు తెలిసేనాటికి ఆమెకి దానితో పని లేకుండా పోయింది.