ఖురియాత్ తోటలో నా సెలవు

ఒమాన్ నుంచి పూర్తిగా వచ్చేసిన కొత్తలో మా ఊరి హోటల్ బల్ల మీద కూర్చుని నేనొక కథ చెప్పేవాణ్ని. కంపెనీ మేనేజర్ నా సెలవుల డబ్బు మింగబోతే, సెటిల్‌మెంట్ కాగితాన్ని అతని మొహం మీదే నాలుగు ముక్కలు చేశానని, ఏసీ గదిలో అతనికి చెమటలు పట్టాయని, చివరికి నా కాళ్లు పట్టుకున్నాడని.

కాళ్లు పట్టుకోలేదు. చెమటలు పట్టిన మాట నిజమే కానీ అవి నాకు. కాగితం చింపలేదు. బుద్ధిగా సంతకం పెట్టి, పక్కన వేలిముద్ర కూడా వేశాను. జరిగింది జరిగినట్టు చెబితే నాకు నామోషీ. అయినా ఆ మనిషి మీద కసి తీరాలంటే నిజమే ఎక్కువ పనికొస్తుంది.

నేను కట్టుబడి మేస్త్రీని. బౌషర్‌లో కంపెనీ రూమ్, ఎక్కడ పని పడితే అక్కడ సైట్. చివరి కొన్నేళ్లు ఊరికి రానేలేదు. చిట్టీ ఎత్తకుండా ఆఖరిదాకా ఆగినవాడికి ఎక్కువ ముడుతుంది కదా, సెలవునూ అట్లాగే దాచుకున్నాను. వాడుకోని సెలవుకు ఉద్యోగం మానేటప్పుడు డబ్బు కట్టిస్తారని అందరికీ తెలిసిందే. మా ఇంటావిడ కంటి ఆపరేషన్‌కు కూడా రాలేదు. "నువ్వొచ్చి జేసేదేమున్నది, డాక్టర్ జేస్తడు. సెలవు దాసుకో, ఒక్కసారే వద్దువుగాని" అని ఆమే ఫోన్లో అంది. అందుకని ఆ సెలవులు నా పేరు మీద ఉన్నా, పోగేసింది ఆమె.

ఒళ్లు సహకరించక పని మానేస్తానని చెప్పాక, అల్ ఖువైర్‌లోని ఆఫీసుకు పిలిచారు. మేనేజర్ తెలుగువాడే, కోస్తా మనిషి. కాగితం నా ముందుకు తోశాడు. అందులో జీతం ఉంది, సర్వీసు డబ్బు ఉంది. సెలవుల దగ్గర సున్నా.

"నీ లీవులన్నీ అయిపోయాయి మేస్త్రీ" అన్నాడు.

"ఎట్లయిపోయినయ్ సారూ? నేను ఊరికి పోనేలే గదా."

"మన సైట్ ఆగిపోయినప్పుడు ఏం చేశావ్? పని లేదు, జీతం మాత్రం పడింది. దాన్నే లీవంటారు. హాయిగా రెస్టు తీసుకున్నావు."

సైట్ ఆగిన మాట నిజమే. మునిసిపాలిటీ అనుమతి రాక నెలల తరబడి మూతపడింది. కానీ ఆ నెలల్లో నేను రూమ్‌లో లేను. ఇదే మనిషి నన్ను తన కారులో ఖురియాత్ తీసుకుపోయాడు. అక్కడ సముద్రం దగ్గర ఒక తోట కౌలుకు పట్టి, శుక్రవారం శుక్రవారం కుటుంబంతో వచ్చి వెళ్తుండేవాడు. "మనవాడివని అడుగుతున్నాను మేస్త్రీ, చిన్న పని" అన్నాడు. ఆ చిన్న పని ఏమిటంటే నీళ్ల హౌజు, చుట్టూ ప్రహరీ, మాంసం కాల్చుకోవడానికి పొయ్యి, కూర్చోవడానికి అరుగులు. సిమెంటూ ఇటుకా మా కంపెనీ లారీలోనే వచ్చాయి. ఎండకు నా వీపు తోలు ఊడింది. శుక్రవారం మాత్రం కాల్చిన మాంసం నాకూ ఒక ప్లేటు పెట్టేవారు. పెట్టలేదని చెబితే కథ బాగుంటుంది కానీ, పెట్టారు. బాగుండేది కూడా.

"ఖురియాత్ల హౌజు కట్టిందెవరు మరి?" అన్నాను.

"అది మనం మనం చేసుకున్న పని. దానికీ కంపెనీకీ ఏం సంబంధం? సంతకం పెడితే ఎల్లుండి టికెట్. లేదంటే నీ ఇష్టం."

'నిన్ను మోసం చేస్తున్నాను' అని ఉంటే మర్చిపోయేవాణ్నేమో. నా కళ్లలోకి చూసి రెస్టు తీసుకున్నావన్నాడు. మా ఇంటావిడ కంటికి కట్టుతో ఒక్కతే కూర్చుని పోగేసిన రోజులను పట్టుకుని రెస్టు అన్నాడు. అయినా సంతకం పెట్టాను. టికెట్ ఆయన సొరుగులో ఉంది మరి.

రూమ్‌కు వచ్చి శాపనార్థాలు మొదలుపెట్టాను. ఆ హౌజు నడిమికి పగలాలన్నాను. వెంటనే నాలుక కరుచుకున్నాను. నేను కట్టిన హౌజు పగిలితే పోయేది నా పేరే. మా రూమ్‌లో జగిత్యాల వైపు ఎలక్ట్రీషియన్ ఒకడుండేవాడు. అంతా విని నవ్వాడు.

"ఏందన్నా, నువ్వు తిట్టుడు సుతం సక్కగ తిట్టవు. సంతకం వెట్టినవు, ఇగ అయిపాయె. రేపు అర్బాబ్ ఇంటికి పోతవు గదా, ఆడ చెప్పరాదు?"

అర్బాబ్ అంటే మా కంపెనీ యజమాని, నా ఈడు ఒమానీ పెద్దాయన. మా కంపెనీలో ఎవరు పూర్తిగా వెళ్లిపోతున్నా మేనేజర్ వాళ్లను ఆయన ఇంటికి తీసుకుపోవడం ఆనవాయితీ. పెద్ద హాల్లో తివాచీ మీద కూర్చోబెట్టి ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బీ కాఫీ ఇస్తారు. సలాం చెప్పి రావాలి. అక్కడ ఎవడూ గోడు వెళ్లబోసుకోడు. ఇంటి మర్యాద తీసుకుంటూ ఫిర్యాదు చేయడం తప్పు.

నేను ఫిర్యాదు చేయదలచుకోలేదు. పొగుడుదామనుకున్నాను.

మర్నాడు మేనేజర్ నా పక్కనే కూర్చున్నాడు. చిన్న కప్పులో కహ్వా పోశారు. అక్కడ ఒక పద్ధతుంది. ఇక చాలనుకుంటే ఖాళీ కప్పును కొద్దిగా ఊపి ఇవ్వాలి. ఊపకుండా చాపితే మళ్లీ పోస్తారు. తాగుతున్న అతిథిని ఎవరూ లెమ్మనరు. నేను తాగాను, చాపాను, మళ్లీ తాగాను. మేనేజర్ నా కప్పు వంకే చూస్తున్నాడు.

"ఊపు మేస్త్రీ, ఊపు" అన్నాడు తెలుగులో, నవ్వుమొహంతోనే.

"మస్తున్నది సారూ. ఇంకింత తాగుత."

అర్బాబ్‌కు మా సైట్ హిందీ బాగా వచ్చు. ఇన్నేళ్లలో ఇంటికి ఎన్నిసార్లు వెళ్లొచ్చావని అడిగాడు. అక్కడ నేను గంటసేపు ఉపన్యాసం దంచానని హోటల్లో చెప్పాను. ఉపన్యాసం కాదు, నాలుగు ముక్కలు.

"ఇంటికి పోలేదు అర్బాబ్. నా సెలవంతా ఖురియాత్‌లో గడిచింది. మేనేజర్ సార్ చాలా మంచివారు, తన తోటలో పెట్టుకున్నారు. సముద్రం గాలి, శుక్రవారం మాంసం. ఊరికే కూర్చుంటే ఒళ్లు పాడవుతుందని హౌజు కట్టించారు, ప్రహరీ కట్టించారు. మీరిచ్చిన సెలవును ఎన్నటికీ మరిచిపోను."

మేనేజర్ లేచాడు. "పద, ఫ్లైట్ టైమవుతోంది."

"ఫ్లైటు రేపు గదా సారూ" అని కప్పు చాపాను.

అర్బాబ్ ఆయన్ను కూర్చోమని సైగ చేశాడు. "సిమెంట్ కిస్‌కా?" అని, సిమెంటు ఎవరిదని నన్నే అడిగాడు. నేను వినయంగా తల వంచి, "సార్‌కు తెలుసు" అన్నాను. పెద్దాయన గడ్డం నిమురుకుని, మేనేజర్ వైపు తిరిగి, కావాలనే నాకు అర్థమయ్యే హిందీలో అన్నాడు: "ఛుట్టీ మేరా, కామ్ తేరా. ఛుట్టీ కా పైసా మై దేగా. కామ్ కా పైసా తూ దేగా. సిమెంట్ కా భీ."

సెలవు డబ్బు కంపెనీ ఇస్తుంది, తోట పనికి కూలీ, సిమెంటు ఖరీదూ మేనేజర్ పెట్టుకోవాలని. అప్పుడు ఊపాను కప్పు.

తిరిగి వస్తుంటే కారులో ఆయన నా వైపు తిరిగాడు. "మనవాడివనుకున్నాను మేస్త్రీ" అన్నాడు.

"మనోనివనే ఫిర్యాదు జెయ్యలే సారూ. మెచ్చుకున్న."

విమానం ఎక్కే రోజు పొద్దున లెక్క తేలింది. కూలీ డబ్బు తన పర్సులోంచి తీసిచ్చేటప్పుడు ఆయన తల వంచుకున్నాడు. ఆ మొహం సరిగ్గా కనిపించడం కోసం నేను ఇంకా కిందికి వంగి మరీ చూశాను. ఇందులో రవ్వంత కూడా కలపలేదు.

ఆయన ఉద్యోగం ఊడిందని కూడా ఊళ్లో చెప్పాను. ఊడలేదు. అదే కుర్చీలో ఉన్నాడు, అది తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మంట. మొన్న మా ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఇప్పుడు ఎవడు కంపెనీ ఇడిసినా, అర్బాబ్ ఇంటికి పోకముందే మేనేజర్ వాని లీవు పైసలు చేతుల వెడుతుండు. ఆడ కూసున్నంతసేపు వాడు ఏం మెచ్చుకుంటడోనని గజగజ వణుకుతుండట!"

గజగజ వణకడం నిజమో కాదో తెలియదు. వాడు కూడా ఒకటికి మూడు కలిపే రకమే, చాలావరకు నా దగ్గరే నేర్చుకున్నాడు. అయినా నమ్మాను. ఆ ముక్క మళ్లీ ఒకసారి చెప్పమని అడిగి, మా ఇంటావిడ కూడా వినేలా ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.