ఆరు శాతం

ఆ ప్లాటినం తీగ వెంట్రుక కన్నా సన్నం. దాన్ని ద్రవంలోకి నిలువుగా దించి, కొన్ని క్షణాలు కరెంటు పంపి, ఎంత త్వరగా వేడెక్కుతుందో చూడాలి. నిదానంగా వేడెక్కితే ఆ వేడిని ద్రవం బాగా లాక్కుంటున్నట్టు. ప్రభావతి రోజంతా చేసే పని అదే. తెనాలి కాలేజీ ల్యాబులో పద్దెనిమిదేళ్లు గడిపి, 2005 సెప్టెంబరులో ఆక్లండ్‌లోని ఒక యూనివర్సిటీలో ఏడాది కాంట్రాక్టు మీద టెక్నీషియన్‌గా చేరింది.

కంటికి ఆననంత సన్నటి అల్యూమినా పొడి కలిపితే నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ పాలు ఉత్త నీళ్ల కన్నా ఎంత బాగా వేడిని మోస్తాయన్నదే మధుబాబు పీహెచ్‌డీ. రెండో నెలలోనే ఇరవై రెండు శాతం ఎక్కువని తేలింది. మధుబాబు పాపటోయిటోయిలోని మనవాళ్ల మిఠాయి కొట్టు నుంచి జిలేబీ తెచ్చాడు. "మీ చెయ్యి మంచిది ఆంటీ" అన్నాడు. పేపరు అచ్చయింది.

జూలై వానల్లో తీగ తెగింది. కొత్తది బిగిస్తే అదే ద్రవం ఆరు శాతమే చూపింది. పదిసార్లు కొలిచినా ఆరే. ప్రభావతి పాత తీగ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టింది. కరెంటు బయటికి పోకుండా పైనుండాల్సిన పల్చటి పూత చారలు చారలుగా లేచిపోయి ఉంది.

ఆమెకు టూత్‌బ్రష్ గుర్తొచ్చింది. సాయంత్రమయ్యేసరికి ల్యాబు సామానంతా తళతళలాడేలా తోమి బోర్లించడం తెనాలి అలవాటు. చేరిన వారంలోనే తీగకంటిన తెల్లపొరను మెత్తగా తోమేసింది. పూత పోయిన చోట కరెంటు ద్రవంలోకి జారిపోయింది, తీగ తక్కువ వేడెక్కింది, ద్రవం గొప్పదిగా కనబడింది. ఉత్త నీళ్లలోకి కరెంటు అంతగా జారదు కాబట్టి, వాటితో సరిచూసినప్పుడల్లా లెక్క కుదిరింది.

"తప్పు నాది బాబూ. మనకొచ్చింది ఆరే. ప్రొఫెసర్ సార్‌కి చెబుదాం."

"నవంబర్లో థీసిస్ సబ్మిట్ చెయ్యాలి. ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడేగా తెలిసింది."

"తోమడమేంటి ఆంటీ, అంట్లా అవి?"

"అంట్లే అనుకున్నా. బుద్ధితక్కువ."

మధుబాబు ల్యాప్‌టాప్ మూశాడు. "టెన్షన్ పడకండి. సార్‌తో నేను మాట్లాడతా."

మాట్లాడాడు. సోమవారం ప్రొఫెసరు ఆమెను పిలిచి, టీ ఇచ్చి, ఎంతో మృదువుగా అడిగాడు. "కొత్త తీగను బ్రష్‌తో తోమారట కదా ప్రభా? అందుకే ఆరు వస్తోందని మధు అంటున్నాడు."

"తోమింది పాతదాన్ని. కొత్తదాన్ని వేలితో కూడా ముట్టలేదు."

తీగ ముక్క ఉన్న కవరు బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తెరవలేదు. అలవాట్లు మారడానికి టైం పడుతుందిలే అన్నట్టు తల ఊపాడు. సెప్టెంబరులో కాంట్రాక్టు పొడిగించలేదు.

మరుసటి ఏడు, ఆక్లండ్‌లోనే మౌంట్ ఆల్బర్ట్‌లోని ఒక వృద్ధుల హోమ్‌లో పనికి చేరిన ప్రభావతి ఓ ముసలామె నోట్లో థర్మామీటరు పెట్టి నిలబడి ఉండగా ఫోను మోగింది.

"డిగ్రీ వచ్చేసింది ఆంటీ. థీసిస్ మొదట్లోనే మీకు థాంక్స్ రాశా."

"అందులో ఎంత శాతమని ఉంది బాబూ?"

"పేపర్లో ఉన్నదే ఆంటీ."

"నా పేరు తీసెయ్యి."

"ప్రింటయిపోయింది ఆంటీ."

ప్రభావతి థర్మామీటరు తీసి వెలుగులోకి తిప్పింది. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. ఎంతుందో అంతే రాసింది.