మాణయ్య కోత మిషను పరీక్ష

జహీరాబాదులో బండిచక్రాలు చేసే వడ్ల మాణయ్య ఏదీ తొందరపడి తేల్చే మనిషి కాడు. అతని పాత కర్రకోత మిషను బజారంతా వినపడేలా ఊళపెట్టేది, పైగా వంకరగా కోసేది. పందొమ్మిదివందల అరవై నాలుగులో ఒక ఏజెంటు కొత్తది తెచ్చి చూపించాడు. మాణయ్య ఒక తుమ్మదుంగలో సగం మొదటిరోజు పాతదానిమీద కోసి, మిగిలిన సగం మరునాడు కొత్తదానిమీద కోశాడు. కొత్తది చప్పుడు లేకుండా, తిన్నగా కోసింది. ఇక కొనవలసిందేనని నిశ్చయించుకొని, ఆకలితో దుకాణం వెనకనున్న ఇంట్లోకి వెళ్లాడు.

పొయ్యి చల్లగా ఉంది. మిషను ఊళ ఆగినప్పుడే జొన్నరొట్టె పెనంమీద వేయడం భార్య శరణమ్మ అలవాటు.

"పొద్దుగాల్నించి మిషను సప్పుడే లేదు. ముచ్చట్లు పెట్టుకుంట కూసున్నవా? పని చెయ్యనోనికి రొట్టెలెందుకు?"

మాణయ్య ఏజెంటు దగ్గరికి తిరిగొచ్చాడు.

"మిషను మంచిగుంది సారూ, కాదంటలేను. పాతదాని లెక్క జర ఒర్లేది ఉంటె తెచ్చియ్యి."