లింగంపేటల దిగని వదినె

పోయిన వారం మా కింది పోర్షన్ల ఉండే టీచరమ్మ ఫోన్ల ఒక వీడియో చూపెట్టింది. సిరిసిల్ల దిక్కు రైలు పట్టాలేసేటందుకు మట్టికట్ట పోస్తున్నరట. పెద్ద పెద్ద మిషన్లు, టోపీలు పెట్టుకున్న మనుషులు, ఎగిరే దుమ్ము. "ఇగ మీకేందమ్మ, మీ ఊరికే రైలొస్తది, ఈ కోరుట్లల కిరాయికి ఉండుడెందుకు?" అన్నది. ఆమె సంబురంగనే అన్నది గని నాకు సంబురం కాలే. రైలు అన్న మాట ఇంటే ఇప్పటికీ నా చెయ్యి ముందుగాల పక్కనున్న మనిషి కొంగు పట్టుకుంటది. ఆనాడు గూడ టీచరమ్మ కొంగు పట్టుకొనే నిలబడ్డనట, ఆమె నవ్వి ఇడిపించుకుంటే గని నాకు తెల్వలే.

నేను పుట్టు భయస్తురాలిని. తాడును చూసి పామని ఒర్లే రకం. గ్యాసు బంద్ చేసిన్నా లేదా అని సగం తొవ్వల నుంచి ఎనుకకు మర్రి వచ్చేదాన్ని. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను సాదింది మా అన్న భార్య, మా వదినె. గంభీరావుపేటల ఎవుసం చేసుకునే ఇంట్ల పుట్టి, సిరిసిల్లల బట్టలు నేసే సాంచాల సప్పుడు నడుమ వచ్చి పడ్డది. మొదట్ల ఆ సప్పుడుకు నిద్ర పట్టకపోయేదట, అలవాటైనంక అవి బందైన నాడు నిద్ర పట్టకపోయేదట. ఆమెకు భయమన్నది లేదు. ఆమె వాటా గూడ దేవుడు నాకే ఇచ్చిండు కావచ్చు. ఆమె ఓడిపోయింది ఒక్క బస్సుకే. బస్సు పడదు. చేతిల నిమ్మకాయ, మూతి కాడ కవరు పెట్టుకొని వేములవాడ దాక పోయి వచ్చుడే ఆమెకు కాశీయాత్ర. ఆమెతోని పోయినోళ్లకు గూడ అంతే.

అన్న పోయినంక ఇంట్ల మేమిద్దరమే మిగిలినం. నా పెండ్లి ముచ్చట వేరే, అది మొదట్లనే తెగిన దారం, ఇప్పుడెందుకు. నేను మిషన్ మీద లంగాలు కుట్టేది, వదినె పిన్నీసుతోని బొందులెక్కించేది. అట్ల పని చేసుకుంట ఉంటే ఒక యేడు మెల్లమెల్లగ ఒకటి గమనించిన. పక్కకు పెట్టిన చాయ గిలాసను ఆమె మోకాలితోని తన్నేది, తన్ని నన్నే తిట్టేది, "తొవ్వల పెడ్తవేందే" అని. తర్వాత కడప తాకుడు, దర్వాజ తాకుడు. నాకు పాణం ఉలికిపడ్డది. బస్సుల ఆమె ఎంత కక్కుకున్నా కరీంనగర్ కండ్ల డాక్టర్ కాడికి తీస్కపోయిన. పక్కలకెల్లి చూపు తగ్గుకుంట వస్తుంది, పోయింది మళ్ల రాదు, ఉన్నది ఎంత కాలం ఉంటదో చెప్పలేం అన్నడాయన. నేను దవఖాన మెట్ల మీదనే కూలబడి ఏడ్సిన. వదినె నా పక్కన కూసోని కొంగుతోని నా ముక్కు తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే. "ఏడ్సుడు తర్వాత ఏడ్వొచ్చు పిల్లా. కండ్లున్నప్పుడే నాలుగు ఊర్లు చూస్త. రైల్ల తీస్కపో" అన్నది.

ఆమె షరతు ఒక్కటే, పొద్దున పోయి మాపటికి ఇల్లు చేరాలె. కండ్ల చుక్కల మందు ఫ్రిజ్జుల ఉండేది, దాన్ని మోసుకుంట తిరుగుడు అయ్యేది కాదు. పైగా పరాయి ఇంట్ల ఆమెకు నిద్ర రాదు. సిరిసిల్లకేమో రైలు లేదు. రైలెక్కాలంటే బస్సెక్కాలె, బస్సెక్కితే ఆమె కండ్లు తేలేస్తది. అందుకే రైలున్న ఊరికే మకాం మారుద్దమని తేల్చింది. జనం కొలువు కోసం ఊరు మారుతరు, పిల్లల సదువు కోసం మారుతరు. మేం రైలు కోసం మారుతున్నమంటే వాడకట్టోళ్లు మా ఇద్దరికీ మతి చెడ్డదనుకున్నరు. పిల్లను చూడవోయినట్టు నేను పోయి రెండు ఊర్లు చూసొచ్చిన. జగిత్యాల పెద్దది, దవఖానలున్నయ్, మా చిన్నమ్మ బిడ్డ గూడ అక్కడనే ఉంటది, గని స్టేషన్ మాత్రం ఊరికి ఎడంగ ఉన్నది. కోరుట్ల చిన్నది, తెలిసిన మనిషి ఒక్కరు లేరు. ఆపతికి సంపతికి మనిషుండాలె అని నేను జగిత్యాల అన్న. నీ ఇష్టం అన్నది వదినె. ట్రాలీ ఆటోల మిషన్, మంచం, ఫ్రిజ్జు ఏసుకొని పోయినం.

మొదటి ప్రయాణం పెద్దపల్లికి. అక్కడ చూసేటందుకు ఏమున్నదని అడిగితే చెప్పలేను, రైలు పోతుంది గాబట్టి పోయినం. వదినె కిటికి కాడ కూసున్నది. మల్యాల దిక్కు మక్క చేన్లు, గుట్టలు, చెరువులు పోతుంటే ప్రతిదానికి "మంచిగున్నది" అన్నది. ఆఖరికి మా ఎదురుంగ ఆగిన గూడ్సు బండిని చూసి గూడ మంచిగున్నదన్నది. నాకు నవ్వొచ్చింది, సంతోషమైంది. ఇన్నేండ్లకు ఆమెను ఒక కిటికి కాడ కూసోపెట్టిన అనుకున్న. పెద్దపల్లిల ఏదో ఇంత తిని, పొద్దుగూకే యాళ్లకు వాపస్ బండి ఎక్కినం.

మన స్టేషన్ వచ్చేసరికి డబ్బా నిండ జనం. నేను సంచులు పట్టుకొని ముందల, వదినె నా భుజం పట్టుకొని ఎనుక. దిగేటోళ్లు ఎక్కేటోళ్లు తలుపు కాడ కలబడ్డరు, ఎవరో నూకితే నేను ప్లాట్‌ఫాం మీద పడ్డ. భుజం మీద చెయ్యి లేదు. మర్రి చూస్తే వదినె లోపలనే సీటు కడ్డీ పట్టుకొని నిలబడి ఉన్నది. "వదినె, లింగంపేట వచ్చింది, దిగు!" అని ఒర్లిన. ఆమె మొకం నా గొంతు దిక్కు తిరిగింది. "లింగంపేట ఎందుకొస్తది?" అన్నది. బండి కదిలింది.

జగిత్యాల స్టేషన్ ఉన్నది లింగంపేటల. బోర్డు మీద రెండు పేర్లుంటయ్, దిగేటోళ్లంత లింగంపేట అనే అంటరు. గంభీరావుపేట దిక్కోళ్లకేమో లింగంపేట అంటే వేరే, ఎల్లారెడ్డి దిక్కున్నది, చిన్నప్పుడు ఆమె నాయిన ఎడ్లు కొనుక్కరావోయిన ఊరు. అక్కడికి రైలే లేదు. పొద్దున ఆటోల పోంగ మేం ఉత్తగ టేషన్ అనే అనుకున్నం, టికెట్ నేనే తీసుకున్న. ఆమె దిగాల్సింది జగిత్యాల, అందరు ఒర్లుతున్నది లింగంపేట.

ఇగ నా భయం సంగతి చెప్పాలె. అంతకుముందు నేను పడ్డయన్ని ఉత్త భయాలే అని ఆనాడు తెలిసింది. పోతదని ఆమె ఫోన్ గూడ నా సంచిలనే ఏసుకున్న. నడిమిట్ల చిన్న స్టేషన్ల దిగితే చుట్టు పొలాలు, మనిషుండడు. పట్టాల దిక్కు దిగితే? బండికీ ప్లాట్‌ఫాంకీ నడుమ సందుల కాలు పెడితే? పక్క చూపు లేని మనిషికి అంచు ఎట్ల తెలుస్తది? స్టేషన్ల ఉన్నాయన ముంగటి స్టేషన్లకు చెప్తనమ్మ అని ధైర్యం చెప్పిండు, ఆయన మాట నా చెవులకెక్కలే. ముంగట పెద్ద స్టేషన్ కోరుట్లనే అంటే, ఆటో మాట్లాడుకొని అక్కడికి పోతుంటే తొవ్వ పొడుగున రైలు కూత ఇనబడ్డట్టే ఉన్నది. నన్ను సాదిన మనిషిని పొద్దుగూకంగ చెయ్యి జారిడిసిన అని ఒకటే మాట లోపట కొట్టుకున్నది. ఆటో ఆయన నా ఏడ్పు చూడలేక పాటలు బంద్ చేసిండు.

కోరుట్ల స్టేషన్ల బెంచి మీద బాసింపట్టు ఏసుకొని కూసున్నది వదినె. పక్కన ఎవరో ఒకామె, చెయ్యి పట్టి దింపి తోడుగ ఆగిందట, నన్ను చూసి లేచి పోయింది. నేను పోయి వదినె రెండు చేతులు పట్టుకున్న, అవి సల్లగున్నయ్. భయం నుంచి కోపమొచ్చింది నాకు. "బోర్డు మీద జగిత్యాల అని గూడ ఉన్నది గద వదినె, అంత పెద్ద అక్షరాలు, కిటికి పక్కకే" అన్న.

"ఏ బోర్డు పిల్లా?" అన్నది.

నేను ఆ బెంచి మీద కూసున్న. పొద్దటి సంది మంచిగున్నదన్న గుట్టలు, చెరువులు, గూడ్సు బండి అన్ని ఒక్కొక్కటే యాదికొచ్చినయ్. "ఎప్పటి సంది?" అని అడిగిన. సిరిసిల్లల ఉన్నప్పటి సందే అట. ఎదురుంగ ఉన్నది ఎలుగు, నీడ లెక్క తెలుస్తది, గంతే. చెప్తే నేను భయపడి రైలెక్కనియ్యనని చెప్పలేదట. "కండ్లు పోతున్నయని నాకెర్కనే. గని అందరు లింగంపేట అంటుంటే నాకు మతి గూడ పోయింది కావచ్చు అనుకున్న. దానికి భయమైంది పిల్లా" అన్నది. ఆమె నోట్ల భయం అన్న మాట ఇనుడు నాకు అదే మొదలు.

నెల తిరగకుండనే కోరుట్లల ఇల్లు చూసుకున్నం. చూసుకున్నది ఆమెనే. "ఇక్కడ బోర్డు మీదున్నది, నోట్ల ఉన్నది ఒకటే పేరు" అన్నది, నేను ఇంకో కారణం అడుగలే. తెలిసిన మనిషి లేని ఊరని నేను భయపడితే, మనం ఇద్దరం తెలుసు గద అన్నది. అటెనుక గూడ ప్రయాణాలు ఆపలే. నిజామాబాద్ పోయినం, బాసర పోయినం. నేను ఆమె చెయ్యి నా కొంగుకు ముడేసుకొని, కిటికిల కనబడ్డదల్ల చెప్పుకుంట పోతా. పంట పేరు తప్పు చెప్తే వాసన పట్టి దిద్దుతది. ఒక్కోసారి నాకే విసుగొచ్చి చెట్టు, చెట్టు, ఇంకో చెట్టు అంట. ఏ చెట్టు అని గదమాయిస్తది.

మొన్న అట్లనే పోతుంటే నా మొకం తడిమింది. చెంపల మీద, కండ్ల కింద వేళ్లు తిప్పింది. "ఇవన్ని ఎక్కడియే?" అన్నది. ముడతలు వదినె, ముసలిదాన్నైన అన్న. "నాకైతే నువ్వు అప్పటి లెక్కనే కనబడ్తవు, జెడేసుకొని, ముక్కు కార్చుకుంట" అని నవ్వింది. నేను గూడ నవ్విన, మనసుల మాత్రం గుబులైంది. నా అద్దంల లేని ఆ పిల్ల ఇంక ఒక్క వదినె కాడనే బతికి ఉన్నది. ఆ వయసును నేను ఎప్పుడో దాటొచ్చిన గని ఆ పిల్లను మాత్రం వదినె తన బండిల నుంచి దిగనియ్యలే, వదినె దిగిపోయిన నాడు ఆ పిల్లను ఎవరు చూస్తరని నాకు భయం.